అరచేతిలో పట్టే గొంతు

నాకు గొంతు లేదని తెలిసిన మరుక్షణం చాలామంది నాకు చెవులు కూడా లేవని తీర్మానించేసుకుంటారు. ముఖం మీదికి వంగి, ఒక్కో అక్షరం సాగదీసి, "అన్నం... తిన్... నావా?" అని అరుస్తారు. నేను భుజానికి వేలాడే సంచిలోంచి ట్యాబ్ తీసి, రాసి, బొత్తాం నొక్కుతాను. "చెవులు బాగనే ఉండాయి. మెల్లగా చెప్పినా ఇనపడతాది" అని అది నా బదులు మాట్లాడుతుంది. ఒకసారి కూరగాయల బండి ఆయన ఆ మాటకు ఉలిక్కిపడి కొత్తిమీర కట్ట కాలవలో పడేసుకున్నాడు. ఆ ఉలికిపాటు చూడటం నాకు చాలా ఇష్టం. దేవుడు నా గొంతు తీసుకున్నాడు గానీ కొంటెతనం జోలికి రాలేదు.

నాలుగేళ్ల కిందట నా గొంతులో గడ్డ లేచింది. ప్రాణమా, గొంతా అని డాక్టర్లు అడిగితే ప్రాణమే అన్నాం. స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం ఉంది, ఊపిరి అక్కడి నుంచే ఆడుతుంది. దాని మీద పల్చటి గుడ్డ కట్టుకుంటాను. గుసగుసలైనా వస్తాయేమో అని అందరూ అనుకుంటారు. అవీ రావు. ఉత్త పెదవులు కదులుతాయి, అంతే.

అంతకుముందు నా గొంతు సంగతి మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. బళ్ళారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే పని నాది. నాలుగు మిషన్లు పక్కపక్కన ఆడుతుంటే వాటిని మించి మాట్లాడాలి కదా, అలా పెరిగిన గొంతు. మా ఆయన తోరణగల్లు ఉక్కు కర్మాగారానికి మనుషులను చేరవేసే కంపెనీ బస్సు నడుపుతాడు. పొద్దున వీధి చివర బస్సు స్టార్ట్ చేసుకుంటూ ఉంటే, ఇంట్లోంచి "టిఫిన్ డబ్బా మరిచినావప్పో!" అని నేను పిలిచిన పిలుపు ఆ ఇంజన్ మోతలోనూ ఆయనకు అందేది. బస్సులో ఉన్నవాళ్లందరికీ కూడా అందేది. ఆయన సిగ్గుపడి దిగి వచ్చేవాడు.

ఆపరేషన్ తరువాత మొదట్లో నోటు పుస్తకంలో రాసి చూపించేదాన్ని. నేను రాసేలోగా ఎదుటివాళ్లు వేరే మాటలోకి వెళ్లిపోయేవాళ్లు. కోపం వచ్చి పుస్తకం విసిరేస్తే, విసిరేసిన చప్పుడు మాత్రం అందరికీ వినబడేది. అప్పుడు మా కొడుకు అలమరలోంచి పాత ట్యాబ్ బయటికి తీశాడు. బడులు మూతపడి పాఠాలు ఫోన్లలోకి వచ్చిన రోజుల్లో వాడి కోసం కొన్న ఏడించుల ట్యాబ్ అది. రాసింది రాసినట్టు చదివే ఏర్పాటు అందులో పెట్టి, నా చేతికిచ్చి, హోసపేటకు చదువుకు వెళ్లిపోయాడు.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో మాట తెలుగు. తాతల కాలం నుంచీ అంతే. కానీ మేం చదివింది కన్నడ బడిలో. అందుకని తెలుగు మాటను కన్నడ అక్షరాల్లో రాస్తాం. చీటీ అయినా, పెళ్లి పిలుపు అయినా, ఫోన్లో పంపే కబురైనా అంతే. మాకు అందులో వింతేమీ కనబడదు. ఇప్పుడు మీరు చదువుతున్నదాన్ని కూడా నేను కన్నడ అక్షరాల్లోనే రాశాను. తెలుగు అక్షరాల్లోకి ఎత్తి, పుస్తకాల తెలుగులా సర్దినది మా మరదలు, అంటే మా తమ్ముడి భార్య. ఆమెది రాయదుర్గం, తెలుగు బడిలో చదివింది. నేను 'వస్తాండాది' అని రాస్తే ఆమె 'వస్తోంది' చేస్తుంది. సరే, ఎన్నైనా దిద్దుకో గానీ మనుషులు మాట్లాడిన మాటల జోలికి మాత్రం పోవద్దని చెప్పాను.

కొడుకు ట్యాబ్‌లో కన్నడ గొంతు పెట్టాడు. అది ఒక ఆడమనిషి గొంతు. నేను కన్నడ అక్షరాల్లో రాసిన తెలుగు మాటలను ఆమె కన్నడమనుకుని చదివేస్తుంది. ఆమె నోట మా తెలుగు కాస్త బెంగళూరు పోయి వచ్చినట్టు ఉంటుంది. ఉండనీ, నాకు నచ్చింది. మొదటి రోజు నేను రాసిన మాట, "ఏమప్పా, తువ్వాల మంచం మీద ఏంటికి ఏస్తావు? దండెం ఏమైనా కరుస్తాదా?" ఆమె దాన్ని ఎంతో మర్యాదగా చదివింది. మా ఆయన తడి తువ్వాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయి, తరువాత దాన్ని ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నెలల తరబడి తిట్లు లేని ఇంట్లో ఉండి ఉండి పాపం బక్కచిక్కిపోయాడు.

ఆ ఆడమనిషి ఎవరో నాకు తెలియదు. ఎక్కడో ఒక గదిలో కూర్చుని మాటలు చదివి ఇచ్చి ఉంటుంది. తన గొంతుతో బళ్ళారిలో ఒకామె మొగుణ్ని సాధిస్తోందని, పాలవాడితో వాదం వేసుకుంటోందని ఆమెకు ఎలా తెలుస్తుంది? ఎక్కడున్నా ఆమె పిల్లాపాపలు చల్లగా ఉండాలని రోజూ దీపం పెట్టేటప్పుడు అనుకుంటాను.

అయితే ట్యాబ్ గొంతు ఇచ్చింది గానీ ఒకటి తిరిగి ఇవ్వలేకపోయింది. ఆపరేషన్ అయినప్పటి నుంచి అందరూ నాతో కొట్లాడటం మానేశారు. ఎగతాళి చేయరు, తోయరు, చేతిలో పని పెట్టరు. పెళ్లిళ్లలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ముందుగా అన్నం పెట్టేస్తారు. "పాపం" అంటారు. ఆ ఒక్క మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ మధ్య తమ్ముడికి కూతురు పుట్టింది. నాకంటే పదకొండేళ్లు చిన్నవాడు, ఒక్కగానొక్క తమ్ముడు. సండూరు దగ్గర బండ్రిలో సేద్యం చేసుకుంటాడు. పెళ్లైన ఏడేళ్లకు కలిగిన బిడ్డ. మరదలికి తల్లి లేదు, అందుకని కాన్పు బళ్ళారి ఆసుపత్రిలో జరిగినా పురుడు బండ్రిలోనే పోశారు. అమ్మా నాన్నా లేని మాకు ఇలాంటివన్నీ అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మే చూసుకుంటుంది.

బిడ్డను తొట్టిల్లో, అంటే ఊయల్లో వేసి పేరు పెట్టే రోజున, ఆ పేరు బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్పే హక్కు మేనత్తది. మా వైపు ఇది చాలా పెద్ద హక్కు. మేనత్త వంగి చెవిలో పేరు చెబుతుంటే, చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆమె వీపు మీద గుద్దుతారు. ఊరికే తాకడం కాదు, ధనధనా గుద్దుతారు. ఎంత గట్టిగా గుద్దితే బిడ్డకు ఆ పేరు అంత గట్టిగా నిలుస్తుందని అంటారు. తమ్ముడి తొట్టిలప్పుడు మా మేనత్త ఒంగుంటే, పదకొండేళ్ల దాన్ని నేను కూడా ఆడవాళ్ల సందులో దూరి రెండు గుద్దులు గుద్దాను. ఆమె పేరు చెబుతూనే నా జడ పట్టుకుని లాగింది. అప్పుడే అనుకున్నాను, వీడికి పిల్లలు పుడితే ఒంగేది నేనే అని.

తమ్ముడు ఫోన్ చేశాడు. నేను వినడానికి ఫోన్ స్పీకర్‌లో పెట్టి, మాట్లాడటానికి ట్యాబ్ పక్కన పెట్టుకుంటాను.

"అక్కా, వచ్చే ఆదివారం తొట్టిల కార్యం. పేరు నువ్వే చెప్పల్ల" అన్నాడు.

వెనక నుంచి చిన్నమ్మ గొంతు వినబడింది. "పాపం, దాన్ని ఏంటికి కష్టపెట్టేది రా? మీ చిన్నాయన కూతురు ఉండాది కద, ఆయమ్మి చెప్తాది. ఇది సుమ్మనే పక్కన కూసోనీ."

"లే చిన్నమ్మా, మా అక్క ఉండంగ ఇంగొకరేంది? అక్కా, నీ ట్యాబ్‌తోనే చెబుదువు గానీ. వస్తావు కద?"

చిన్నమ్మకు నా మీద ప్రేమ లేక కాదు, ఉండబట్టే ఆ మాట. నేను గబగబా "వస్తా. నేనే చెప్తా" అని రాసి బొత్తాం నొక్కాను. "వస్..." అని ట్యాబ్ ఆరిపోయింది.

"అక్కా? అక్కా?" అంటున్నాడు తమ్ముడు. ఫోన్ మీద గోటితో రెండుసార్లు కొట్టాను. ఒకసారి కొడితే కాదని, రెండుసార్లు కొడితే అవునని మా ఇద్దరి గుర్తు. వాడికి అందింది.

ట్యాబ్ తిప్పి చూస్తే వెనక అట్ట ఒక పక్క పైకి లేచి ఉంది. లోపల బ్యాటరీ పూరీలా ఉబ్బింది. కొన్నాళ్లుగా ఛార్జింగ్ నిలవడం లేదని తెలుసు, తీగ తగిలించుకునే మాట్లాడుతున్నాను. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి దాన్ని అటూ ఇటూ చూసి పక్కన పెట్టాడు.

"మే, ఇది పేల్తాదే. దీన్ని తీస్కపోయి పసిబిడ్డ తలకాడ పెడతావా?"

ఆదివారానికి ఐదు రోజులే ఉన్నాయి. కొత్త ట్యాబ్ దొరక్కపోతే పేరు చెప్పేది చిన్నాయన కూతురు. నేను కుర్చీలో.

మర్నాడు బజారుకు వెళ్లాం. పాతదాన్ని తీగతో సహా సంచిలో పెట్టుకున్నాను. అద్దాల తలుపులున్న పెద్ద అంగడి ఒకటి ఉంది, ముందు అక్కడికి వెళ్లాం. మాట్లాడాలంటే నాకు కరెంటు కావాలి కాబట్టి గోడకు ప్లగ్ ఎక్కడుందా అని వెతుక్కుంటుంటే, అక్కడి అమ్మాయి మా ఆయన్ని అడిగింది.

"అంకల్, ఆంటీకి ఏం చూస్తారు? సీరియల్స్ చూసేకా?"

నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను. అయినా అడిగింది ఆయన్ని. ఆమె తీసి చూపించినవన్నీ తాంబాళాలంత పెద్దవి. పదకొండించులట, సినిమా హాల్లో కూర్చున్నట్టే ఉంటుందట. నేను ఒకదాన్ని ఎత్తి చెవికి ఆనించి, గంట మోగించి, సౌండ్ తగ్గించి తగ్గించి విన్నాను. ఆమె నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. తొట్టిల్లో తలగడ పక్కన పట్టాలి, పసిచెవికి దెబ్బ తగలనంత మెల్లగా పలకాలి, ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో రాయగలగాలి. ఇదంతా రాసి చెప్పేలోగా ఆమె ఇంకో బేరానికి వెళ్లిపోయింది.

వెళ్తూ వెళ్తూ, "చిన్నవి ఇప్పుడు ఎవరడుగుతారు ఆంటీ? ఫోన్లే అంత పెద్దగా వచ్చేసినాయి" అంది. మళ్లీ గట్టిగా, ఒక్కో అక్షరం విడదీసి.

"నిజమే కద, పెద్ద ఫోనే తీసుకుందామా?" అన్నాడు మా ఆయన బయటికొచ్చాక. తల అడ్డంగా ఊపాను. ఫోన్ మీద అక్షరాలు ఇరుకు. ఇరవై ఏళ్లు జీన్స్ గుడ్డను సూది కిందికి తోసిన వేళ్లు ఇవి, చివర్లు మొద్దుబారాయి. అదీగాక నేను ఫోన్ తీస్తే ఎదుటివాళ్లు నేను ఫోన్ చూసుకుంటున్నానని మాట ఆపేస్తారు. ట్యాబ్ తీస్తే పలక ఎత్తినట్టు ఉంటుంది. ఏదో చెప్పబోతున్నానని ఆగుతారు. ఆ ఆగడమే నాకు కావాలి. ఇదంతా ఆయనకు తెలుసు, అయినా ఎండ వల్ల మరిచిపోయాడు.

రెండు సందులు దాటాక పాత ఫోన్లు బాగుచేసే చిన్న అంగడి ఉంది. నడివయసు సాయిబు ఒకాయన, అందరూ బాయ్ అని పిలుస్తారు, ముక్కు మీద భూతద్దం పెట్టుకుని కూర్చుంటాడు. మేం లోపలికి వెళ్లగానే నా మెడకున్న గుడ్డ చూశాడు, చేతిలో తీగ చూశాడు. తన ఫ్యాన్ ప్లగ్ పీకేసి నా ట్యాబ్‌ను తగిలించాడు. తరువాత కుర్చీని మా ఆయన వైపు కాదు, నా వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

"చెప్పమ్మా, ఏం కావల్ల?"

నేను రాస్తున్నంతసేపూ ఆయన ఆగాడు. చెమటలు కారుతున్నా ఫ్యాన్ వైపు చూడలేదు. నేను చాలా రాశాను. తొట్టిలు, పసిచెవి, ఆదివారం, చిన్నాయన కూతురు, అన్నీ. ట్యాబ్ చదువుతుంటే వంచిన తల ఎత్తకుండా విన్నాడు. నా జీవితంలో నాకు దొరికిన మర్యాదల్లో అది ఒకటి.

"దీని బ్యాటరీ ఇప్పుడు యాడా దొరకదమ్మా. చానా సేవ చేసింది పాపం, ఇడిసిపెట్టండి" అని, పైనున్న అరలోంచి మూడు చిన్న ట్యాబ్‌లు దించాడు. ఎనిమిదించులవి. పోయిన ఏడాది సరుకు, ఎవరూ అడగక మిగిలిపోయినవి. మొదటిదానికి గొంతు వచ్చే చిల్లులు అడుగున ఉన్నాయి, పట్టుకుంటే నా అరచెయ్యే వాటిని మూసేస్తుంది. రెండోది ఎంత తగ్గించినా ఆటో హారన్‌లా అరుస్తుంది. మూడోదానికి పైఅంచులో చిల్లులున్నాయి. బాగా తగ్గించి చెవి దగ్గర పెట్టుకుంటే పక్కగదిలో ఎవరో మెల్లగా పిలిచినట్టుంది. బరువు కూడా తక్కువ. నేను దాన్ని గుండెకు ఆనించుకోగానే, ఇక బేరం ఆడి లాభం లేదని మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పాతదాంట్లో ఉండేవన్నీ దీంట్లోకి ఏసిస్తా. అర్ధగంట పడుతుంది, ఛాయ్ తాగి రండి" అన్నాడు బాయ్. మేం మెట్లు దిగుతుంటే వెనక నుంచి అడిగాడు, "భాష ఏది పెట్టల్ల?"

"తెలుగే" అన్నాడు మా ఆయన. ఇంటిపేరు అడిగితే చెప్పినట్టు చెప్పాడు. నేనూ గట్టిగా తల ఊపాను. తెలుగే కదా మరి, ఇంకేముంది!

ఇంటికొచ్చి పెట్టె విప్పాను. తెర నిండా తెలుగు అక్షరాలు. మాకిద్దరికీ ఒక్క ముక్క తెలియదు. కన్నడ అక్షరాలకూ వాటికీ అక్కాచెల్లెళ్ల పిల్లల్లాగా పోలికలున్నాయి. ఆ పోలికలు పట్టుకుని, ఒక్కొక్కటే వెతికి, 'ఏమప్పా' అని రాసి బొత్తాం నొక్కాను.

"ఏమప్పా" అంది ట్యాబ్. మగ గొంతు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వార్తలు చదివేవాడి గొంతు.

మా ఆయన ఒక్క క్షణం చుట్టూ చూశాడు, ఇంట్లోకి ఎవరొచ్చారా అని. తరువాత మంచం మీద పడి నవ్వాడు. "మే, ఇంట్లో ఇంగొక మొగోన్ని పెట్టుకుంటివి కదే! రేపటి నుంచి ఈయప్పే నన్ను తిడతాడా?" అని పొట్ట పట్టుకుని నవ్వుతూ నవ్వుతూ నా ముఖం చూశాడు. నవ్వు ఆపేశాడు.

నా ఏడుపుకు చప్పుడు ఉండదు. అందుకని ఆయన ముఖం చూడటం నేర్చుకున్నాడు. నేను ఏడ్చింది ట్యాబ్ కోసం కాదు. బిడ్డ ఈ లోకంలోకి వచ్చి మేనత్త నోట మొదటిసారి తన పేరు వినబోతోంది. అది నా గొంతు కాదు, నాకు తెలుసు. కానీ ఇన్నేళ్లుగా నేను తిట్టింది, నవ్వించింది, దేవుణ్ని మొక్కుకుంది ఆ బెంగళూరు ఆడమనిషి గొంతుతోనే. ఆమె కూడా పోతే నాకు ఇంకేం మిగిలింది? పాతదాన్ని తెరుద్దామంటే అది ఆ రోజు తీగ పెట్టినా లేవలేదు. దాని చివరి మాటలు బాయ్ అంగట్లోనే అయిపోయాయి.

పొద్దున్నే మా ఆయన ఇంకో డ్రైవర్‌ను బతిమాలి డ్యూటీ మార్చుకున్నాడు. అంగడి షట్టర్ ఎత్తేసరికి మేం మెట్ల మీద కూర్చుని ఉన్నాం. బాయ్ తెర చూశాడు, నన్ను చూశాడు, అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు.

"అరే! మాట తెలుగు, రాత కన్నడ! నేను మాత్రం ఏం తక్కువ? ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు, బోర్డు మీద కన్నడ. ఈ ఊర్లో పుట్టి ఈ మాట అడక్కపోతి. తప్పు నాదేనమ్మా."

తప్పు ఆయనది కాదు. ఏ భాష అని అడిగితే నోరున్నవాళ్లు నోటి భాష చెబుతారు. నేను చెప్పాల్సింది చేతి భాష. నాలుగేళ్లయినా నేను ఇంకా నోరున్నదాన్ని అనుకుంటున్నానని అప్పుడే తెలిసింది.

బాయ్ ఏవేవో నొక్కి అక్షరాలను కన్నడంలోకి తెచ్చాడు. గొంతు ఒక్కటే కాదు, అరడజను కన్నడ గొంతులు కనబడ్డాయి. ఒక్కొక్కటే వినిపించాడు. మొదటిది మగ గొంతు. రెండోది ఎవరో చిన్నపిల్లది. మూడోది తిండి లేనట్టు నీరసంగా ఉంది. నాలుగోది నోరు తెరిచీ తెరవగానే నేను బల్ల మీద చరిచాను. ఆమే. మా ఆమే. ఊరెళ్లి వచ్చిన తోబుట్టువు గుమ్మంలో నిలబడితే ఎలా ఉంటుందో అలా అనిపించింది. ట్యాబ్ లాక్కుని రాశాను.

"ఏమప్పా, నిన్నటి నవ్వు యాడికి పాయె?"

మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. బాయ్ అటు తిరిగి ఫ్యాన్ ప్లగ్ పెట్టుకోవడంలో మునిగిపోయాడు.

పాతదాని బ్యాటరీని ఆయనే జాగ్రత్తగా తీసి, ఒట్టి పలకను నా చేతికిచ్చాడు. ఇంటికి తెచ్చి, ఆయుధ పూజకు కుట్టుమిషన్‌కు పెట్టినట్టే దానికి పసుపు కుంకుమ పెట్టి మిషన్ పక్కన గూట్లో ఉంచాను. కొత్తది పాత సంచిలో పట్టలేదు. ఒక జీన్స్ ప్యాంటు కాలు కోసి, రెండు వరసలు కుట్టు వేసి కొత్త సంచి కుట్టుకున్నాను. ఆ పని చేస్తున్నంతసేపూ తమ్ముడు ముందే చెప్పిన పేరు రాసి, సౌండ్ ఎంత తగ్గిస్తే సరిపోతుందో మధ్యమధ్యన నా చెవి దగ్గరే పెట్టుకుని విని చూసుకున్నాను.

ఆదివారం బండ్రిలో తమ్ముడి ఇల్లు ఆడవాళ్లతో నిండిపోయింది. చిన్నమ్మ నన్ను చూడగానే కుర్చీ తెమ్మని కేక వేసింది. నేను కూర్చోలేదు. బిడ్డ రాయిలా గట్టిగా ఉండాలని, తొట్టిల్లో ముందు గుడ్డలో చుట్టిన గుండురాయిని వేసి తీసి, తరువాత బిడ్డను వేశారు. మరదలు నా చెయ్యి పట్టుకుని తొట్టిలి దగ్గరికి తీసుకెళ్లింది. ఆ చేతి పట్టు నేను మరిచిపోను.

"రా వదినా. మీ కోడలికి నువ్వు తప్ప ఇంగెవురు చెప్తారు?" అంది.

వంగాను. ట్యాబ్ పైకొసను బిడ్డ చెవి పక్కన పెట్టి బొత్తాం నొక్కాను. ఆమె మెల్లగా పేరు చెప్పింది. ఆ పేరు ఏదో మీకు చెప్పను, అది బిడ్డ సొత్తు. బిడ్డ తన్నుకుంటున్న కాళ్లు ఆపి కళ్లు పెద్దవి చేసింది.

నేను వీపు బిగబట్టుకుని ఉన్నాను. ఒక్క గుద్దు కూడా పడలేదు.

రెండోసారి చెప్పాను. ఎవరిదో అరచెయ్యి నా భుజం మీద వాలి, దేవుడి పటాన్ని తాకినట్టు తాకి వెళ్లిపోయింది. "పాపం, మెల్లగా, మెల్లగా" అంటున్నారు వెనకాల. నా చెవులు బాగానే పనిచేస్తాయి కదా, అన్నీ వినబడ్డాయి. పసిబిడ్డ దగ్గర కోపం రాకూడదు, అయినా వచ్చింది. ఇంత దూరం వచ్చి, ఇంత చేసి, మళ్లీ నేను కుర్చీలోనే ఉన్నాను.

లేచి నిలబడ్డాను. వాళ్ల వైపు తిరిగి ట్యాబ్ మీద గబగబా రాశాను. సౌండ్ ఎంత పెరుగుతుందో అంత పెంచి బొత్తాం నొక్కాను.

"ఏందే, గుద్దేకి చేతులు రావా ఎవురికీ? పోయింది నా గొంతు! ఈపు యాడికీ పోలే, ఈడనే ఉండాది!"

బెంగళూరు ఆడమనిషి ఆ మాటను ఇల్లంతా వినబడేలా, ఎంతో మర్యాదగా చదివింది.

చిన్నమ్మ నన్ను చూస్తూ ఉండిపోయింది. ఆమె పెదవులు వణికాయి, ఏడుస్తుందనుకున్నాను. "దీని నోరు పడా!" అంది. ఆపరేషన్‌కు ముందు, రోజుకు పదిసార్లు నన్ను తిట్టే తిట్టు అది, నాలుగేళ్ల తరువాత విన్నాను. "ఒంగు మే, ఒంగు! నీ పొగరు దించుతా!" అని చీర కొంగు నడుముకు దోపింది.

ఒంగాను. సౌండ్ తగ్గించి, మూడోసారి పేరు చెప్పించాను. మొదటి గుద్దు చిన్నమ్మదే. అరవై దాటిన మనిషి అంటే ఎవరూ నమ్మరు. ఆ వెనక చిన్నాయన కూతురు, ఇరుగుపొరుగు, చివరికి పచ్చి బాలింత మరదలు కూడా రెండు వేసింది. ఒక చేత్తో తొట్టిలి తాడు పట్టుకుని, నోరు తెరిచి నవ్వాను. చప్పుడు లేని నవ్వే, కానీ పొట్టంతా కదిలింది. బిడ్డ ఉలిక్కిపడి ఏడుపు మొదలుపెట్టింది. అబ్బ, ఏం గొంతు! అచ్చం మేనత్త గొంతే అన్నారు అందరూ.

ఇంటికొచ్చాక రెండు రోజులు వీపు సలిపింది. మా ఆయన నొప్పుల తైలం సీసా తెచ్చి మూత తీశాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, ట్యాబ్ దగ్గరికి లాక్కుని రాశాను.

"ఇప్పుడే వద్దప్పా. ఇంగొక దినం ఉండనీ."